బర్స్‌కి జుజామ్ పేరు తగిలించిందెవరు?

విజయపురి సౌత్‌లో, మేం ఇప్పటికీ రైట్ బ్యాంక్ అనే పిలుచుకునే మా ఊళ్ళో, ఈ మధ్య ఒక రిష్తా తెగిపోయింది. పిల్ల డిగ్రీ చదివింది, నమాజీ. మోచేతి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ ఉంది. అబ్బాయి తరఫువాళ్ళు చాయ్ తాగి, "ఖాందాన్‌మే కిస్కో హై క్యా?" అని అడిగి లేచిపోయారు. మా ముహల్లాలో ఆ మచ్చకి మూడు పేర్లున్నాయి. బొల్లి, సఫేద్ దాగ్, తెల్ల కుష్టు. ఈ మూడో పేరే ఫసాదంతటికీ మూలం.

మన తిబ్ కితాబులు ఈ గందరగోళంలో పడలేదు. అరబ్బీలో బర్స్ వేరు, జుజామ్ వేరు. మొదటిది తెల్లమచ్చ, రెండోది కుష్టు. ఈసా అలైహిస్సలాం చేతుల మీదుగా షిఫా పొందినవారి గురించి ఖురాన్ చెప్పిన చోట కూడా 'అబ్రస్' అనే మాటే ఉంది. సంస్కృత వైద్యంలో కుష్ఠమనేది చాలా చర్మరోగాలకి ఉమ్మడి పేరు. అందులోంచే శ్వేతకుష్ఠం వచ్చింది, తెలుగులో తెల్ల కుష్టు అయింది. తర్వాత కుష్టు అంటే ఒక్క రోగమే అనే అర్థం స్థిరపడింది, కానీ బొల్లికి అంటుకున్న ఆ పేరు మాత్రం ఊడలేదు. పేరుతోపాటు ఖౌఫ్ కూడా ఉండిపోయింది.

1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ కుష్టు క్రిమిని కనిపెట్టాడు. బర్స్‌కి అలాంటి క్రిమి ఏదీ లేదు. చర్మం పైపొర అడుగున రంగు తయారుచేసే కణాలుంటాయి. అవి మెలనిన్ తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకి పంచుతాయి. మన ఒంటి రంగు, ఎండకి మనకున్న గొడుగు, రెండూ అదే. బర్స్‌లో ఒంటిని కాపాడాల్సిన ఫౌజే ఆ కణాల మీద పడి చంపుతుంది. అంతకుమించి చర్మం చర్మంలాగే పనిచేస్తుంది. చెమట పోస్తుంది, స్పర్శ తెలుస్తుంది. కుష్టు మచ్చ పాలిపోయినట్టుంటుంది గానీ పాలలా తెల్లబడదు, చాలాసార్లు అక్కడ స్పర్శ తెలియదు. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే సర్కారీ దవాఖానాకి వెంటనే వెళ్ళాలి, మందు ముఫ్త్‌గా ఇస్తారు, నయమవుతుంది. బర్స్ మాత్రం కలిసి తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా ఎవరికీ అంటదు. ఖాందాన్ ప్రభావం కొంత ఉన్నా, చాలామంది మరీజుల ఇళ్ళల్లో ఇంకెవరికీ ఉండదు.

ఇక చేపలు, పాలు. కృష్ణ ఒడ్డున ఉన్నాం, సాగర్ చేప తినని ఇల్లు మా దగ్గర అరుదు. చేప తిన్న పూట చాయ్ కూడా ముట్టనివ్వని నానీలున్నారు. హకీముల పర్హేజ్‌లోనూ ఇది ఉంది. బెంగాలీలు చేపని పెరుగులోనే వండుతారు, వాళ్ళందరికీ మచ్చలు రావాలి కదా!

నికాహ్ సంగతి కూడా చెప్పాలి. ఫిఖహ్‌లో దీని మీద పాత బహస్ ఉంది. షాఫయీ, మాలికీ మజహబుల్లో బర్స్ కారణంగా ఫస్ఖ్ అడగవచ్చు. మన హనఫీల్లో ఇమామ్ అబూ హనీఫా ఒప్పుకోలేదు. ఆయన షాగిర్ద్ ఇమామ్ ముహమ్మద్ ఆ హఖ్ భార్యకి ఇచ్చారు, భర్తకి కాదు. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలో భార్య తలాఖ్ కోరదగ్గ కారణాల్లో కుష్టు ఉండేది, బర్స్ అందులో లేదు. 2019లో కుష్టునీ తీసేశారు. చట్టం అంత దూరం వచ్చింది, మన పేరంటాల్లో చాయ్ కప్పుల దగ్గర మాత్రం ఇమామ్ అబూ హనీఫా మాట కూడా చెల్లదు.

ఇలాజ్ కథ ఇంకా ఆసక్తికరం. అందలూసియాలో పుట్టి 1248లో దమిష్క్‌లో చనిపోయిన ఇబ్నుల్ బైతార్ తన మూలికల కితాబులో ఆత్రిలాల్ అనే మొక్క గురించి రాశారు. దాని గింజల పొడి తేనెతో తినిపించి, మచ్చని ఎండలో ఉంచేవారట. అది ఒక బెర్బర్ తెగ దాచుకున్న రహస్యమట. ఏడు వందల ఏళ్ళ తర్వాత, 1940లలో కైరోలో డాక్టర్ అల్ మోఫ్తీ అదే మొక్క నుంచి తీసిన పదార్థంతో బర్స్ మరీజులకి ఇలాజ్ చేశారు. 1970లలో అమెరికాలో ఆ మందుకి యంత్రపు కిరణాలు జోడించి 'పువా' అన్నారు. మన దేశంలో ఆ పని బాబ్చీ చేసింది. తెలుగులో బావంచాలు. వాటిలోనూ ఆ జాతి పదార్థమే ఉంది. ఎండ తగిలితే చర్మం మీద పనిచేస్తుంది, ఎక్కువైతే కాల్చి బొబ్బలెక్కిస్తుంది. పల్నాడు ఎండలో బాబ్చీ నూనె రాసుకుని సొంతంగా ప్రయోగాలు చేయకండి.

హైదరాబాద్ ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ ఉంది. బర్స్ ఇలాజ్‌కి దానికి దేశమంతటా పేరుంది. 2019లో దాన్ని చర్మరోగాల జాతీయ సంస్థగా మార్చారు. చర్మ డాక్టర్ల దగ్గర ఇప్పుడు పూత మందులు, ఎంచిన తరంగాల కిరణాలు ఉన్నాయి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించమంటారు, రెండూ కలిసి వచ్చే అవకాశం ఉంది కాబట్టి.

ఎవరి దగ్గరికెళ్ళినా నెలల తరబడి సబర్ కావాలి. రంగు తిరిగొచ్చేటప్పుడు మచ్చంతా ఒకేసారి నిండదు. వెంట్రుకల కుదుళ్ళలో దాక్కున్న రంగు కణాలు పైకి పాకి, ఒక్కో వెంట్రుక చుట్టూ ఒక్కో గోధుమరంగు చుక్కగా మొదలవుతుంది. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడిపోయాయంటే ఆ నిల్వ తగ్గినట్టు. పెదవులు, వేళ్ళ కొసల మీద వెంట్రుకలే ఉండవు, అందుకే అక్కడి మచ్చలు అన్నిటికంటే మొండివి.