రెండు పనుల ఎల్ఫ్

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో అమెరికాలో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. పాచికలు, కాగితం, నోటిమాట, వీటితోనే కథ నడుస్తుంది. మొదట్లో ఆటగాళ్ళకి మూడే వేషాలు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మరుసటి ఏడు దొంగ కూడా చేరాడు.

మా పిల్లల పుణ్యమా అని తెలిసిన ఈ ఆటలో నాకు నచ్చింది ఎల్ఫ్. అడవిజాతి మనిషి అనుకోండి. మొదటి పుస్తకాల్లో ఎల్ఫ్ ఒక సాహసానికి యోధుడిగా, ఇంకోదానికి మాంత్రికుడిగా వెళ్ళొచ్చు. ఒకే సాహసంలో మధ్యలో మారకూడదు. 1981 బేసిక్ పుస్తకంలో ఆ రెండింటినీ కలిపేశారు. కత్తీ తిప్పొచ్చు, మంత్రమూ వెయ్యొచ్చు.

మరి మిగతావాళ్ళకి అన్యాయం కాదూ? అందుకే వెల పెట్టారు. రెండో మెట్టు ఎక్కడానికి యోధుడికి 2,000 పాయింట్లు చాలు, మాంత్రికుడికి 2,500. ఎల్ఫ్‌కి మాత్రం 4,000! పైగా పదో మెట్టు దాటనివ్వరు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌తో అందరికీ ఒకే పట్టిక అయింది.

ఇల్లూ ఉద్యోగమూ రెండూ మోసే ఆడవాళ్ళు మెట్టెక్కడం ఆలస్యమైతే చురుకు లేదంటారు. ఆటలోనైతే ఎల్ఫ్‌ని ఎవరూ అలా అనరండీ. ఎందుకు ఆలస్యమో పట్టికలో అచ్చేసి ఉంది కదా. మన ఇళ్ళల్లో ఆ పట్టిక ఎవరూ రాసిపెట్టలేదు.