తాళమును పరీక్షించు విద్య

1851వ సంవత్సరమున లండను నగరములో వివిధ దేశముల పరిశ్రమలను ఒక్కచోట చూపు మహాప్రదర్శనము జరిగెను. అమెరికా తాళములను అచ్చట చూపుటకు వచ్చినవారిలో ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను నిపుణుడు ఒకడు. పికడిల్లీ వీధిలో బ్రామా కంపెనీవారి దుకాణపు కిటికీలో ఒక తాళము చిరకాలముగా ఉండెను. చెవి లేకుండ దానిని తెరచువానికి 200 గినీల బహుమానమని ప్రక్కనే ప్రకటన. హాబ్స్ ఆ సవాలును స్వీకరించెను. మధ్యవర్తులు ఏర్పడిరి; 30 దినముల గడువు నిర్ణయమయ్యెను. 16 దినములలో సుమారు 51 గంటలు శ్రమించి అతడు తాళమును తెరచి, బహుమానమును అందుకొనెను. పేరుమోసిన చబ్ తాళమును అంతకు ముందే 25 నిమిషములలో తెరచియుండెను.

ఇంగ్లండులో దీనిపై పెద్ద వివాదము చెలరేగెను. తాళములోని లోపమును బయటపెట్టుట దొంగలకు పాఠము చెప్పుటయే కదా అని కొందరు వాదించిరి. దొంగలకు ఆ పాఠము ముందే తెలియును, తెలియనివారు ఇంటి యజమానులే అని హాబ్స్ పక్షమువారి సమాధానము. నేడు ‘ఎథికల్ హ్యాకింగ్’ అని పిలువబడు విద్యకు మూలసూత్రము ఈ సమాధానములోనే కలదు. హాబ్స్ చేసిన పనిలో మూడు అంశములను గమనింపుడు: యజమాని అనుమతి, ముందుగా నిర్ణయించిన హద్దులు, ఫలితము యజమానికే తెలియుట. ఈ మూడింటిలో ఏది లోపించినను పరీక్షకునికిని దొంగకును భేదము ఉండదు.

కంప్యూటర్ల విషయమున ఈ ప్రశ్న 1960వ దశకములో తలెత్తెను. అంతవరకు ఒక యంత్రమును ఒకసారి ఒకరే వాడుకొనెడివారు. గది తలుపునకు తాళము వేసిన చాలును. ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున పంచుకొను పద్ధతి వచ్చినంతనే, ఒకరి సమాచారము మరియొకరి చేతికి చిక్కు ప్రమాదము ఏర్పడెను. విల్లిస్ వేర్ నాయకత్వమున ఒక సంఘము 1970లో అమెరికా రక్షణ శాఖకు ఈ ప్రమాదమును వివరించు నివేదికను సమర్పించెను. ఆ దశకములో ‘పులి దళములు’ అను పేర నిపుణుల బృందములు ప్రభుత్వ అనుమతితో ప్రభుత్వ యంత్రములలోనే చొరబడి లోపములను వెదకసాగెను. అమెరికా వైమానిక దళమునకు చెందిన పాల్ కార్గర్, రోజర్ షెల్ అనువారు ఆ కాలమున మిక్కిలి భద్రమైనదని పేరొందిన ‘మల్టిక్స్’ వ్యవస్థను పరీక్షించి, దానిలో చొరబడు మార్గములను 1974 నాటి నివేదికలో వివరించిరి. వ్యవస్థ లోపలనే రహస్యముగా ఒక దొంగదారిని అమర్చవచ్చునని కూడ వారు చేసి చూపిరి. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత కంప్యూటరునకును వర్తించునన్నమాట.

అనుమతి లేని ప్రయోగము ఎంత దూరము పోవునో 1988 నవంబరు 2వ తేదీన లోకమునకు తెలిసెను. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్టులో విడిచెను. అది తన ప్రతులను తానే సృష్టించుకొనుచు యంత్రము నుండి యంత్రమునకు ప్రాకునది. 512 అక్షరములు మాత్రమే పట్టు స్థలములోనికి అంతకంటె పొడవైన సందేశమును పంపుట దాని ఉపాయములలో ఒకటి. శేరు గిన్నెలో సవాశేరు పాలు పోసినట్లు, ఎక్కువైన భాగము పొంగి ప్రక్క స్థలములోనికి పోవును. అచ్చట యంత్రము తరువాత చేయవలసిన పని యొక్క చిరునామా ఉండుటచే, యంత్రము చొరబాటుదారుని ఆజ్ఞకు లోబడును. ఫైళ్లను చెరుపు ఆజ్ఞ ఏదియు ఆ ప్రోగ్రాములో లేదు. కాని తన ప్రతి అప్పటికే ఉన్న యంత్రములో సైతము ఏడింట ఒకసారి తిరిగి చేరునట్లు దానిని వ్రాయుటచే, ప్రతులు పెరిగి పెరిగి వేలాది యంత్రములు స్తంభించెను. ఆ విద్యార్థికి న్యాయస్థానము 3 సంవత్సరముల పర్యవేక్షణ, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించెను.

మరి విద్యార్థి ఈ విద్యను ఎచ్చట అభ్యసింపవలెను? ఈత నీటిలో దిగక రాదు; అట్లని తొలినాడే వరద గోదావరిలో దిగరాదు. దీనికి సమాధానమే అభ్యాస యంత్రము. ఒక కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరు ఉన్నట్లు ప్రోగ్రాముతో కల్పించుటను ‘వర్చువల్ యంత్రము’ అందురు. ఐ.బి.ఎం. పెద్ద యంత్రములలో 1960వ దశకముననే ఈ పద్ధతి ఉండెను. 1999 తరువాత అది బల్లమీది కంప్యూటర్లకును వచ్చెను. చెడిన యంత్రమును క్షణములో పూర్వస్థితికి తేవచ్చును గనుక ఎన్ని పొరపాట్లు చేసినను నష్టము లేదు. బుద్ధిపూర్వకముగ లోపములు ఉంచి తయారుచేసిన ‘వెబ్‌గోట్’, ‘మెటాస్ప్లాయిటబుల్’ వంటివి ఇట్టి అభ్యాసమునకై వెలసినవే. 1996లో అమెరికాలోని డెఫ్‌కాన్ సమావేశమున ‘జెండాను పట్టుకొను’ పోటీ మొదలై, తరువాత అనేక దేశములకు వ్యాపించెను.

పరీక్షల తీరును మారెను. నాలుగు సమాధానములలో ఒకటి గుర్తించు పరీక్షలకు తోడు చేతిపనిని చూచు పరీక్షలు వచ్చెను. ఓ.ఎస్.సి.పి. అను పరీక్షలో అభ్యర్థి 23 గంటల 45 నిమిషములలో అపరిచిత యంత్రములను ఛేదింపవలెను. పని అంతటితో తీరదు. తాను ఏ మెట్టున ఏమి చేసెనో వివరించు నివేదికను తరువాతి 24 గంటలలో సమర్పింపవలెను. లోపమును కనుగొని యజమానికి బోధపడునట్లు వ్రాయలేనివాడు సగము పనియే చేసినవాడు.

మన దేశములో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 43వ సెక్షను, యజమాని అనుమతి లేక కంప్యూటరులో ప్రవేశించినవాడు నష్టపరిహారము చెల్లింపవలెనని చెప్పుచున్నది. అదే పని మోసబుద్ధితో చేసినచో 66వ సెక్షను క్రింద 3 సంవత్సరముల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. పాఠశాల మార్కుల జాబితాను సరదాకు తెరచి చూచిన బాలుడు ఈ హద్దును దాటినవాడే. కనుక ఉపాధ్యాయులు కుతూహలముగల విద్యార్థిని గద్దించి పంపివేయక, ఇంటర్నెట్టుతో సంబంధము తెంచిన ఒక పాత కంప్యూటరును, దానిలో ఒక అభ్యాస యంత్రమును చూపుట మేలు. ఛేదించిన ప్రతి లోపమునకును అది ఎట్లు ఏర్పడినది, ఎట్లు పూడ్చవలెను అని ఒక పుట వ్రాయించవలెను. ఆ పుటలను చదివిననాడు, తమ ఎదుట కూర్చున్నవాడు రేపటి కాపరియో కాదో వారికే తెలియును.