జీతగాళ్ళ గోడు పాడిన హాంకాంగ్ గాయకుడు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన ఘంటసాల వారిని గురించి, బాలసరస్వతీదేవి గారిని గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు. అందుచేత నేను సముద్రం దాటి వెళ్ళి ఒక గాయకుని ముచ్చట చెబుతాను. ఆయన పేరు సామ్ హుయ్. చైనా పేరు హుయ్ కూన్ కిట్. 1948 సెప్టెంబరు 6న పుట్టాడు. అంటే నాకంటే ఏడాది పెద్ద, మన ఈడువాడే. గుమాస్తాలు, కార్ఖానా పనివాళ్ళు, బంట్రోతులు ఇంట్లో మాట్లాడుకునే భాషలో, వాళ్ళ జీతం బాధలనే పాటలుగా కట్టి, ఊరు మొత్తం చేత పాడించినవాడు.

మా అమ్మాయి కుటుంబం కొన్నేళ్ళు హాంకాంగులో ఉండటం వల్ల అక్కడికి రెండు పర్యాయాలు వెళ్ళి వచ్చాను. చైనావారి కొత్త సంవత్సరం దగ్గరపడిందంటే ఏ బజారులో చూసినా ఒకటే పాట మ్రోగుతుంది. ధనమిచ్చే దేవుడు గుమ్మంలోకి వస్తున్నాడని దాని భావం. ఎవరు పాడారని అడిగితే కూరగాయలు అమ్మే ముసలమ్మ దగ్గరనుంచి బడిపిల్లవాడి దాకా అందరూ చెప్పిన పేరు ఒక్కటే. అప్పటినుంచి ఈయన సంగతులు సేకరిస్తూ వచ్చాను.

ముందుగా భాష సంగతి చెప్పాలి. అది లేకపోతే ఈ మనిషి గొప్ప ఏమిటో అర్థం కాదు. హాంకాంగ్ దీవి 1842లో ఆంగ్లేయుల వశమైంది. 1997 జూన్ 30 అర్ధరాత్రి చైనాకు తిరిగి అప్పగించేవరకు అది వారి వలస రాజ్యమే. అక్కడి జనంలో అత్యధికుల మాతృభాష కాంటొనీస్. చైనాలో అధికార భాష అయిన మాండరిన్ వేరు, ఇది వేరు. ఒకరి మాట ఒకరికి అర్థం కానంత వేరు. అయినా వ్రాసేటప్పుడు ఉత్తరాది వ్యాకరణం ప్రకారమే వ్రాయాలి. నోటితో ఒకటి, కలంతో ఒకటి. గిడుగు వారి పోరాటం తెలిసిన మనకు ఈ అవస్థ వేరే చెప్పనక్కరలేదు.

పైన ప్రభుత్వ భాష ఇంగ్లీషు. కోర్టు నోటీసు, పన్ను కాగితం, దరఖాస్తు ఫారం అన్నీ ఇంగ్లీషే. 1966లో ఓడరేవు దాటించే స్టార్ ఫెర్రీ పై తరగతి టిక్కెట్టు 20 సెంట్లనుంచి 25 సెంట్లకు పెంచితే, ఆ అయిదు సెంట్ల కోసం ఊళ్ళో అల్లర్లు చెలరేగాయి. మరుసటి ఏడు ఒక ప్లాస్టిక్ పూల కార్ఖానాలో మొదలైన కార్మిక తగాదా పెద్ద కల్లోలమై 51 మంది ప్రాణాలు పోయాయి. పాలించేవారికీ ప్రజలకూ మధ్య మాటే లేకుండా పోయిందని దొరలకు అప్పటికి తెలిసివచ్చింది. విద్యార్థులు, ఉపాధ్యాయులు చైనా భాషకు హోదా కావాలని ఉద్యమం చేశారు. చివరకు 1974లో చట్టం వచ్చి ఇంగ్లీషుతోపాటు చైనా భాష కూడా అధికార భాష అయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా, నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఫైళ్ళమీద నోట్లు చాలావరకు ఇంగ్లీషులోనే నడిచేవి. చట్టం ఒక ఎత్తు, అలవాటు ఒక ఎత్తు.

పాటల విషయంలోనూ అదే తంతు. 1960లలో హాంకాంగులో చదువుకున్న కుర్రకారుకు ఇంగ్లీషు పాటలే పాటలు. 1964 జూన్‌లో బీటిల్స్ బృందం వచ్చి పాడి వెళ్ళాక, వీధికో గిటారు బృందం పుట్టుకొచ్చింది. కాస్త పెద్ద తరగతి క్లబ్బుల్లో మాండరిన్ పాటలు. కాంటొనీస్ పాటంటే పాతకాలపు వీధినాటకాల పద్యం, ముసలివాళ్ళ సరుకు, మోటు అని తీసిపారేసేవారు. 1972లో హాంకాంగులో ఒక్క కాంటొనీస్ సినిమా కూడా తయారు కాలేదంటే నమ్ముతారా? ఊరంతా మాట్లాడే భాషలో ఏడాది మొత్తానికి ఒక్క బొమ్మ కూడా లేదు!

సామ్ పుట్టింది చైనాలోని క్వాంగ్‌చౌ నగరంలో. 1950లో తల్లిదండ్రులు కాందిశీకులుగా హాంకాంగ్ చేరారు. నలుగురు అన్నదమ్ముల్లో ఈయనే కడపటివాడు. డైమండ్ హిల్ అనే చోట కాపురం. పేరుకే వజ్రాల కొండ, ఉన్నవన్నీ కాందిశీకుల రేకుల కొంపలు. తర్వాత ప్రభుత్వం కట్టించిన సో ఉక్ అనే పేదల ఇళ్ళ సముదాయంలో ఉన్నారు. పిల్లవాడు చదువులో చురుకైనవాడై హాంకాంగ్ విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్నాడు. అంతకుముందే లోటస్ అనే బృందం కట్టి ఇంగ్లీషు పాటల రికార్డులిచ్చాడు. పట్టా ఉంది, ఇంగ్లీషు పాటల్లో పేరుంది. ఆ దారినే పోతే హాయిగా బ్రతికేవాడు.

దారి మళ్ళించింది టెలివిజన్. అక్కడ 1967 నవంబరులో టీవీబీ అనే సంస్థ ఉచిత ప్రసారాలు ప్రారంభించింది. పెట్టె కొన్నవాడింటికి వాడకట్టంతా చేరేది. మన రామాయణం సీరియల్ రోజులు గుర్తు తెచ్చుకోండి. అందులో 1971లో సామ్, ఆయన పెద్దన్న మైకేల్ హుయ్ కలిసి ఒక హాస్య కార్యక్రమం మొదలుపెట్టారు. 1972లో అదే కార్యక్రమంలో సామ్ ఒక కొత్త పాట పాడాడు. స్వరం తమ్ముడిది, మాట అన్నది. పారిస్ ఇనుప గోపురం, జపాను ఫ్యూజీ పర్వతం, అమెరికా స్వేచ్ఛా విగ్రహం అన్నీ చూసి వచ్చినవాడికి చివరకు సొంత తీరాన కనిపించే చిన్న వెలుగే మనసుకు పట్టడం అందులోని విషయం. కాందిశీకుల ఊరు అది. ఎక్కడినుంచో వచ్చి, ఎక్కడికో పోదామని చూసేవారి ఊరు. ‘మన ఊరు ఇదే’ అని మొదటిసారిగా ఒక పాట వాళ్ళ భాషలో చెప్పింది. ఆధునిక కాంటొనీస్ పాటకు ఇదే శ్రీకారమని అక్కడివారు చెబుతారు.

ఈ భాషలో పాట కట్టడంలోని కష్టం గురించి రెండు ముక్కలు చెప్పనివ్వండి. కాంటొనీస్‌లో ఆరు స్వరస్థాయిలున్నాయి. ‘సి’ అన్న ఒకే అక్షరాన్ని ఎత్తి, దించి, సాగదీసి ఆరు విధాలుగా పలికితే వరుసగా కవిత్వం, చరిత్ర, పరీక్ష, కాలం, సంత, ‘అవును’ అని ఆరు అర్థాలొస్తాయి. మరి రాగం ఎక్కడ పైకి పోతే మాటా అక్కడ పైకి పోయేదే ఉండాలి. లేకపోతే కవిత్వమని పాడితే సంత అని వినబడి సభ నవ్వుతుంది. మన కవులకు యతిప్రాసల నిబంధన ఉన్నట్లు, ఈ కవికి ప్రతి అక్షరానికీ బాణీ నిబంధన. పాశ్చాత్య రాక్ బాణీలో, గిటారు జోరులో, వీధి భాషలో ఈ నిబంధన తప్పకుండా పాట కట్టడం సామ్ సాధించిన విద్య. కొన్ని పాటలకు లాయ్ పాంగ్ సౌ అనే మిత్రుడు సాహిత్యంలో తోడు నిలిచాడు.

1974 వచ్చింది. అంతకు ముందటి సంవత్సరం అక్కడి షేరు మార్కెట్టు కుప్పకూలింది. 1973 మార్చిలో 1774 ఉన్న హాంగ్‌సెంగ్ సూచీ 1974 డిసెంబరుకు 150కి పడిపోయింది. పెళ్ళిళ్ళకు దాచుకున్న సొమ్ము పెట్టి షేర్లు కొన్న చిన్న ఉద్యోగులు నిండా మునిగారు. సరిగ్గా ఆ సమయంలో మైకేల్ దర్శకత్వంలో అన్నదమ్ములిద్దరూ జూదరుల వేషాలు కట్టి తీసిన కాంటొనీస్ హాస్యచిత్రం ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. డబ్బుకోసం లోకం పడే పాట్ల మీద సామ్ పాడిన పాట వీధివీధినా మ్రోగింది. అధికార భాషా చట్టం, ఈ పాట ఒకే సంవత్సరం రావడం కాకతాళీయమే కావచ్చు. నా మట్టుకు నాకు చట్టం కంటే పాటే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

ఇక 1976లో వచ్చిన పాట గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. పేరు ‘పున్ కన్ పాత్ లోంగ్’. వారి తూనికల్లో ఒక కాటీకి పదహారు టేల్‌లు. అర కాటీ అన్నా, ఎనిమిది టేల్‌లన్నా ఒకటే. మనకు 1957లో నయాపైసలు వచ్చేవరకు రూపాయికి పదహారణాలు ఉండేవి కదా. అర్ధరూపాయి అన్నా ఎనిమిదణాలన్నా ఒకటే అన్న మాట వారికి జాతీయం. దాన్నే సామ్ జీతగాడి నోట పెట్టాడు. అర్ధరూపాయి చాకిరీ చేసినవాడు ఎనిమిదణాల కూలి అడగడంలో తప్పేముంది? ఊరంతా తిరిగి కాళ్ళరిగినా నెలాఖరుకు జేబు ఖాళీ, పైన యజమాని చీవాట్లు! ఇదే ఆ పాటలోని గోడు. కన్నీళ్ళు పెట్టుకుంటూ పాడలేదు. ఎలక్ట్రిక్ గిటారు హోరులో, నవ్వుతూ, ఎగతాళిగా పాడాడు. ఇదే పేరుతో వచ్చిన సినిమాలో మైకేల్ పిసినారి డిటెక్టివ్ యజమాని, సామ్, మరో అన్న రిక్కీ అతని దగ్గర జీతగాళ్ళు. ఆ బొమ్మ జపానులో కూడా బాగా ఆడింది. అర్ధశతాబ్ది గడిచినా హాంకాంగ్ ఉద్యోగికి జీతం పెంపు మాట వస్తే ఈ పాట గుర్తుకు వస్తుంది. మన డి.ఏ. బకాయిల కాలంలో మనకూ ఇటువంటి పాట ఒకటి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇదొక్కటే అనుకోకండి. నీటికోత మీద పాట కట్టాడు. 1963లో అనావృష్టి వచ్చినప్పుడు హాంకాంగులో నాలుగు రోజులకొకసారి నాలుగు గంటలు మాత్రమే నీళ్ళు వదిలేవారు. బిందెల వరుసలు చూసిన జనానికి అది సొంత పాటే. ధరల పెరుగుదల మీద ఒకటి, చదువు మానవద్దని విద్యార్థులకు ఒకటి కట్టాడు. మరోవైపు 1976లోనే, రాసిపెట్టి ఉన్నది తప్పక వస్తుంది, లేనిదానికోసం పెనుగులాడవద్దు అన్న ధోరణిలో శుద్ధమైన భాషలో ఒక పాట ఇచ్చాడు. అదే మనిషి మోటుగానూ పాడగలడు, వేదాంతమూ పాడగలడు. ప్రజలు ఆయనను గానదైవం అని పిలుచుకున్నారు.

1980లలో ఆయన నటించిన దొంగ–పోలీసు హాస్యచిత్రాలు బాగా డబ్బు చేశాయి. వాటి గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. 1988లో తనకంటే చిన్నవాడైన లెస్లీ చెంగ్‌తో కలిసి మౌనమే బంగారమన్న అర్థంలో పాడిన యుగళం మాత్రం చెప్పుకోదగ్గది. స్వరం లెస్లీది, సాహిత్యం సామ్‌ది.

1984లో బ్రిటన్, చైనాల ఒప్పందం కుదిరి 1997లో అప్పగింత ఖాయమైంది. 1989లో బీజింగ్ సంఘటన తర్వాత భయం మరీ హెచ్చింది. 1990 ఒక్క ఏడాదిలోనే అరవై వేల పైచిలుకు మంది కెనడా, ఆస్ట్రేలియా వగైరా దేశాలకు తరలిపోయారు. వెళ్ళినవారిలో డాక్టర్లు, ఇంజనీర్లు, మనబోటి ఆఫీసు సిబ్బంది ఎక్కువ. ఆ సంవత్సరమే సామ్ ఒక పాట కట్టాడు. అందరం ఒకే పడవలో ఉన్నాం, కలిసి గట్టెక్కుదాం అని దాని సారాంశం. వెళ్ళేవాడిని తిట్టలేదు, ఉండేవాడిని పొగడలేదు.

మనకు 58 ఏళ్ళు నిండితే ఆర్డరు చేతికి వచ్చేది. ఆయన 1992లో, నలభైల వయసులోనే, తనంతట తానే విరమణ ప్రకటించి, హంగ్ హామ్‌లోని కొలీజియంలో వరుసగా వీడ్కోలు కచేరీలు చేసి తెరచాటుకు వెళ్ళాడు. మళ్ళీ బయటకు రప్పించింది 2003వ సంవత్సరం. సార్స్ వ్యాధితో హాంకాంగులో 299 మంది చనిపోయారు. ఏప్రిల్ 1న లెస్లీ చెంగ్ ఆత్మహత్య చేసుకున్నాడు. డిసెంబరు 30న గాయని అనితా మూయ్ నలభై ఏళ్ళకే కేన్సరుతో పోయింది. ఊరంతా చావుకళ పడి ఉన్న సమయంలో, 2004లో, సామ్ అదే కొలీజియంలో మళ్ళీ కచేరీలు చేశాడు. కచేరీలకు పెట్టుకున్న పేరు, చిరునవ్వు మానకండి అని. 2011లో అన్న రిక్కీ చనిపోయాడు.

తర్వాత 2020. కరోనా వచ్చి హాళ్ళన్నీ మూతపడ్డాయి. అంతకుముందు ఏడాదంతా ఊరు ఆందోళనలతో అట్టుడికి, ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోని స్థితి. ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం సాయంత్రం, డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో సామ్ హుయ్ ఓడరేవు ఒడ్డున గిటారు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఒక్క శ్రోత లేడు. నీళ్ళు, అవతలి ఒడ్డున మేడలు, అంతే. ఇరవై లక్షలకు పైగా జనం ఇళ్ళలో తెరల మీద చూశారు. కచేరీ సుమారు గంటసేపు సాగింది, టిక్కెట్టు లేదు. కార్యక్రమానికి పెట్టిన పేరు 1990నాటి ఆ పడవ పాట పేరే. మరుసటి ఏడు జనవరి నుంచి బ్రిటన్ ప్రత్యేక వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. లక్షకు పైగా మంది మళ్ళీ పెట్టెలు సర్దుకుని వెళ్ళారు.