డ్రైవర్ లేని చిన్న రైలు, 700 అడుగుల నడక

కిందటి నెల మన సంఘం గ్రూపులో ఒక చిన్న మాట మీద రెండు రోజులు నవ్వుకున్నాం, గుర్తుందా? మనలో ఒక పిన్నిగారు కూతురి కాన్పుకని అమెరికా బయలుదేరారు. దారిలో విమానం మారే చోట ఒక చిన్న రైలెక్కాలి. తలుపులు తెరుచుకున్నాయి. తొంగిచూస్తే డ్రైవర్ లేడు. "వచ్చాక ఎక్కుదాంలే" అని బ్యాగు పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఒక బండి పోయింది, రెండోది పోయింది, మూడోదీ పోయింది. చివరికి మన దేశం కుర్రాడెవరో "ఆంటీ, రండి" అని చేయి పట్టుకుని ఎక్కించాడట.

ఆవిడే నవ్వుతూ చెప్పారు కాబట్టి మేమూ నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అనుమానం న్యాయమైనదే అనిపించింది. డ్రైవర్ లేని బండిని మొదట ఎవరు పెట్టారు? విమానాశ్రయంలోనే ఎందుకు పెట్టారు? ఈసారి వ్యాసం దాని మీదే.

దీన్ని ఆటోమేటెడ్ పీపుల్ మూవర్ అంటారు, పొట్టిగా ఏపీఎం. మన జిగణి ఏపీసీ సర్కిల్‌తో దీనికి సంబంధం లేదు.

విచిత్రమేమిటంటే, ఇది పుట్టింది విమానాశ్రయం కోసం కాదు. 1965లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర సౌత్ పార్క్‌లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ దీన్ని నడిపి చూపించింది. రబ్బరు టైర్లు, కాంక్రీటు దారి, బండి పక్కకు పోకుండా మధ్యలో ఒక ఉక్కు దూలం, దారి పొడవునా కరెంటు పట్టీ. బండిలో డ్రైవర్ ఉండడు. జనం స్కైబస్ అని పిలిచారు. ఊరంతా వేద్దామనుకున్నారు, కానీ ఏళ్ల తరబడి రాజకీయాలు నడిచి 1970లలో ఆ పథకం అటకెక్కింది. ఊరు వద్దన్న బండిని విమానాశ్రయం రమ్మంది.

దానికి కారణం జెట్ విమానాలు. అవి వచ్చాక రెక్కలు పెరిగాయి. ఒక్కో విమానం ఆగడానికి కావాల్సిన జాగా పెరిగింది, విమానాల సంఖ్యా పెరిగింది. గేట్లన్నీ వరసగా పెట్టాలంటే భవనం పొడుగ్గా సాగదీయాలి. సామాన్లు మోసుకుంటూ ఆ పొడుగంతా నడవాల్సింది ప్రయాణికుడు. ఫ్లోరిడాలోని టాంపా విమానాశ్రయానికి ప్లాను వేసినవాళ్లు ఇక్కడ ఒక గట్టి లెక్క పెట్టుకున్నారు: కారు దిగిన దగ్గర్నుంచి విమానం దాకా మనిషి 700 అడుగులకు మించి నడవకూడదు. అంటే సుమారు 213 మీటర్లు, వీధి చివర టీ కొట్టుకు పోయినంత.

అందుకని టికెట్లూ సామాన్లూ చూసే భవనం మధ్యలో, విమానాలు ఆగే భవనాలు దూరంగా చుట్టూ కట్టారు. మధ్య దూరాన్ని ఈ చిన్న బండ్లకు అప్పగించారు. 1971 ఏప్రిల్‌లో అది తెరుచుకుంది. ఒక్కో భవనానికి పక్కపక్కనే రెండు దారులు, ఒక్కో దారిలో ఒక బండి అటూ ఇటూ తిరుగుతుంది. ఒకటి చెడినా రెండోది ఉంటుంది. ఒక్క నిమిషం కూడా పట్టని ప్రయాణం. నిజానికి అది పడుకోబెట్టిన లిఫ్టు. మన చిన్నప్పుడు పెద్ద ఆసుపత్రుల లిఫ్టుల్లో స్టూలు మీద ఒకాయన కూర్చుని బటన్లు నొక్కేవాడు, ఇప్పుడు ఎక్కడన్నా కనిపిస్తాడా? లిఫ్టులో ఆయన లేడని మనం ఎక్కడం మానలేదు. పిన్నిగారికి ఈ పోలిక చెప్తే "అలా చెప్పండి మరి!" అన్నారు.

తర్వాత వరుస కట్టాయి. 1973లో సియాటిల్‌లో భూగర్భంలో వేశారు. 1974లో డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో ఎయిర్‌ట్రాన్స్ అని మొదలుపెట్టారు. దానితో మనుషులతో పాటు సామాన్లు, టపా, చెత్త కూడా మోయించాలని పెద్ద ఆశ. అన్నీ కుదరలేదు. చివరికి మనుషులే మిగిలారు, 2005లో దాని స్థానంలో స్కైలింక్ వచ్చింది. మన పిల్లలు సగం మంది డాలస్‌లోనే ఉన్నారు కాబట్టి చాలామంది అమ్మానాన్నలు ఎక్కే ఉంటారు.

అసలు మలుపు అట్లాంటా, 1980. విమానాలాగే పొడవైన భవనాలను ఒకదాని వెనక ఒకటి వరసగా కట్టి, కింద సొరంగంలో రైలు వేశారు. తొలి రోజుల్లో అందులో ప్రకటనలు యంత్రపు గొంతుతో వినిపించేవి, మరి ముసలివాళ్లకు ఎలా ఉండేదో! టాంపాలో నడక తగ్గించడానికి బండి పెట్టారు. అట్లాంటాకు వచ్చేసరికి బండి ఉంది కదా అని విమానాశ్రయాన్నే ఎంత కావాలంటే అంత పెంచారు. మా అభిప్రాయం ఇది: ఈ బండి నడకను తగ్గించిందని పూర్తిగా చెప్పలేం. నడవలేనంత పెద్ద విమానాశ్రయాలు కట్టే ధైర్యం కూడా ఇచ్చింది.

బండి ఆగితే ఏమవుతుందో కౌలాలంపూర్ చూపించింది. అక్కడ 1998 నుంచి ప్రధాన టెర్మినల్‌కూ దూరంగా ఉన్న శాటిలైట్ భవనానికీ మధ్య ఏరోట్రైన్ తిరిగేది. 2023 మార్చిలో అది దారిలో ఆగిపోయి, ప్రయాణికులు దిగి పట్టాల దారి వెంట నడవాల్సి వచ్చింది. దాంతో సర్వీసు ఆపేశారు. మళ్లీ నడిచింది 2025 జులై 1న. మధ్యలో రెండేళ్లకు పైగా బస్సులే దిక్కు. మలేషియాలో తరతరాలుగా ఉన్న మన తెలుగువాళ్లకూ, అటుగా ఆస్ట్రేలియా వెళ్లే మనవాళ్లకూ ఆ బస్సులు బాగా తెలుసు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దేశంలో టెర్మినళ్ల మధ్య తిరిగే ఇలాంటి రైలు ఇంకా లేదు. ఢిల్లీ విమానాశ్రయం 2024లో టెండరు పిలిచింది. మన కెంపేగౌడ విమానాశ్రయంలో రెండో టెర్మినల్‌ను 2022 నవంబరు 11న ప్రారంభించారు. ఒకటో టెర్మినల్‌కూ దానికీ మధ్య తిరిగేది షటిల్ బస్సు, దానికి డ్రైవరన్న ఉంటాడు.

కానీ ఈ చరిత్రలో మనవాళ్ల చేయి లేదనుకోకండి. టాంపాలో బండ్లు పెట్టిన వెస్టింగ్‌హౌస్ రవాణా విభాగం 1988లో జర్మనీ ఏఈజీ చేతికి వెళ్లింది. అక్కడి నుంచి ఆడ్‌ట్రాంజ్‌కు, 2001లో బొంబార్డియర్‌కు, 2021లో ఆల్‌స్టామ్‌కు చేరింది. ఆ ఆల్‌స్టామ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఎక్కడుంది? మన శ్రీసిటీలో, తడ పక్కన, అప్పటి చిత్తూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లా. 2019 మే 26న సిడ్నీలో మొదలైన మెట్రో, ఆస్ట్రేలియాలో డ్రైవర్ లేకుండా ప్రయాణికులను మోసే తొలి రైలు. ఆ పెట్టెలు శ్రీసిటీలో తయారై ఓడెక్కాయి. కెనడాలో మాంట్రియల్‌లో 2023 జులైలో మొదలైన ఆర్ఈఎం రైళ్లూ అక్కడివే, వాటికీ డ్రైవర్ లేడు. ఆ మార్గంలో ఒక కొమ్మ విమానాశ్రయానికే. జిగణిలో మనలో చిత్తూరు వైపు వాళ్లు తక్కువేం కాదు. ఆ ఫ్యాక్టరీలో బంధువులు పనిచేసే ఇళ్లుంటే కామెంట్లలో చెప్పండి, విని సంతోషిస్తాం.

ఇంకో మాట దాచకుండా రాయాలి. డ్రైవర్ లేని బండి అంటే మనలో అందరికీ నవ్వు రాదు. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే అన్నదమ్ములు మన సంఘంలో ఉన్నారు. పోయిన మీటింగులో ఒకతను "అన్నా, రేపు మా సంగతేంటి?" అని అడిగాడు. టాంపాలో ఎవరి ఉద్యోగమూ పోలేదు, నిజమే. ఎందుకంటే ఆ బండి తీసేసింది నడకను, నడిచేవాడికి జీతం లేదు. ఊళ్లో సంగతి వేరు. 2025 ఆగస్టు 10న మొదలైన మన ఎల్లో లైన్ రైళ్లు డ్రైవర్ లేకుండా నడవగలిగేలా తయారైనవే, ఇప్పటికి మాత్రం డ్రైవర్లతోనే నడుస్తున్నాయి. బొమ్మసంద్రలో ఎక్కి సిల్క్‌బోర్డ్‌లో మారితే, బ్లూ లైన్ పూర్తయ్యాక విమానాశ్రయం దాకా మెట్రోలోనే పోవచ్చు. అప్పుడు జిగణి నుంచి 60 కిలోమీటర్లకు పైబడిన క్యాబ్ బేరాలు తగ్గుతాయి. బొమ్మసంద్ర దాకా చిన్న బేరాలు పెరుగుతాయేమో. ఆ తమ్ముడికి మేం ఇంతకంటే గట్టిగా ఏమీ చెప్పలేకపోయాం.

వచ్చే నెల మనలో ఇద్దరు పెద్దలు, భార్యాభర్తలు, మొదటిసారి అట్లాంటా వెళ్తున్నారు. వాళ్లకోసం పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం రాస్తున్నాం. తలుపులు రెండు వరసలు ఉంటాయి, కలిసి తెరుచుకుంటాయి. డ్రైవర్ కోసం చూడొద్దు. ఎక్కగానే కడ్డీ పట్టుకోండి. బోర్డింగ్ పాసు మీదున్న అక్షరం, తలుపు పైన కనిపించే అక్షరం ఒకటే అయితే దిగండి. పొరపాటున ముందుకు వెళ్లిపోతే కంగారుపడకుండా ఎదుటి వైపు బండెక్కి వెనక్కి రండి, డబ్బులు అడగరు. ఇంకేం చేర్చాలో వెళ్లొచ్చినవాళ్లు ఆదివారంలోపు చెప్పండి. పిన్నిగారు ఇప్పటికే ఒకటి చేర్పించారు: "కాళ్లు నొప్పులుంటే వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడగండి, మొహమాటపడొద్దు."