బండి దారి లేని ఊరికి ఉత్తరం: సూపాయ్ ఆదివాసీల జనం, ఇళ్లు, టపా



మేము ఏజెన్సీలో ఒక గిరిజన బాలికల వసతి గృహంలో పనిచేస్తున్నాం. ప్రతి జూన్‌లో కొత్త పిల్లల్ని చేర్చుకునేటప్పుడు దరఖాస్తులో చిరునామా దగ్గరకు వచ్చేసరికి మా కలం ఆగిపోతుంది. "ఇంటి నంబరు ఏం రాయాలి మేడమ్?" అని పిల్ల అడుగుతుంది. తండ్రిని అడిగితే, "గెడ్డ దాటాక చింతచెట్టు పక్కన మూడో ఇల్లండీ" అంటాడు. ఆ ఊరివాళ్లకు అంతకంటే స్పష్టమైన చిరునామా అక్కర్లేదు. దరఖాస్తుకు మాత్రం అది చాలదు. చివరికి పంచాయతీ, మండలం, పిన్ కోడ్ రాసి ఊరుకుంటాం.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయికి కొన్నేళ్ల కిందట నర్సింగ్ శిక్షణకు పిలుపు ఉత్తరం వచ్చింది. ఉత్తరం కింద పంచాయతీ దాకా వచ్చి ఆగింది. పై గూడెం నుంచి సంతకు ఎవరైనా దిగితే వాళ్ల చేతికి ఇచ్చి పంపడం అక్కడి అలవాటు. ఆ వారం వాన వల్ల ఎవరూ దిగలేదు. మరుసటి సంతకు ఉత్తరం చేరింది కానీ, తేదీ దాటిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు కాఫీ తోటలో కూలికి వెళ్తోంది. ఉత్తరం పట్టుకుని మా దగ్గరకు వచ్చిన రోజున ఆమెకు ఏం చెప్పాలో మాకు తోచలేదు.

కొండల మధ్య, బండి దారి లేని చోట ఉండే ఆదివాసీలకు వేరే దేశాల్లో ఉత్తరం ఎలా చేరుతుందా అని అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాం. అలా మాకు తెలిసిన ఊరే అమెరికాలోని సూపాయ్. ఆ ఊరి చరిత్రలో మన పిల్లలకు చెప్పదగిన పాఠం ఉందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాం.

లోయ అడుగున ఊరు

అమెరికాకు నైరుతి దిక్కున అరిజోనా రాష్ట్రం ఉంది. అది వానలు తక్కువగా పడే ఎడారి నేల. కొలరాడో నది అక్కడ లక్షల ఏళ్లుగా రాతిని కోసుకుంటూ పోగా గ్రాండ్ కాన్యన్ అనే మహా లోయ ఏర్పడింది. దాని పక్కలోయల్లో ఒకదాని అడుగున సూపాయ్ ఊరు ఉంది. అక్కడి ఆదివాసీలు హవాసుపాయ్ తెగవారు. ఆ పేరుకు నీలాకుపచ్చని నీటి జనం అని అర్థం. సున్నం కలిసిన ఊటనీరు ఆ రంగులో లోయ గుండా పారుతుంది. చుట్టూ ఎండిన ఎర్ర రాయి, మధ్యలో ఏడాది పొడవునా పారే వాగు. ఆ వాగు లేకపోతే ఊరు లేదు.

ఊరికి మోటారు దారి లేదు. కారు దారి లోయ అంచున హువలపాయ్ హిల్‌టాప్ అనే చోట ఆగిపోతుంది. అక్కడి నుంచి ఊరికి 8 మైళ్లు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు, దిగుడు దారి. సుమారు 2,000 అడుగులు కిందికి దిగాలి. నడిచి వెళ్లాలి, లేదా గుర్రం మీద వెళ్లాలి. హెలికాప్టర్ కూడా ఉంది. పాడేరు వైపు సంత సరుకు గుర్రాల మీద కొండెక్కడం చూసినవాళ్లకు ఈ దారి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

రెండిళ్ల జీవనం

హవాసుపాయ్‌లు పూర్వం ఏడాది పొడవునా లోయలోనే ఉండేవారు కాదు. ఎండాకాలం లోయలో కాలువలు తీసి మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి పండించేవారు. పంట చేతికొచ్చాక చలికాలానికి పైన పీఠభూమికి వెళ్లేవారు. అక్కడ వేట ఉండేది, పైన్ చెట్ల గింజలు దొరికేవి, వంటచెరకుకు కొదవ ఉండేది కాదు. గుంజలు పాతి, కొమ్మలు, గడ్డి, మట్టి కప్పి ఇళ్లు కట్టుకునేవారు. ఎండకు పందిళ్లు వేసుకునేవారు. కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు. రెండూ సొంత ఊళ్లే.

బయటి ప్రభుత్వం ఈ సంగతి అర్థం చేసుకోలేదు. 1880లో వారికి ఒక రిజర్వేషన్ గీశారు. 1882లో అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ ఉత్తర్వుతో దాన్ని లోయ అడుగున ఉన్న 518 ఎకరాలకు కుదించారు. పైరు ఉన్న చోటే ఊరు అనుకున్నారు. వేట తిరిగే చోటు, చలికాలపు ఇల్లు, తాతల సమాధులు ఉన్న పీఠభూమి లెక్కలోకి రాలేదు. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు ఏర్పడింది. తమ నేల మీద తామే అనుమతి అడుక్కోవలసిన స్థితి వచ్చింది. పోడు చేసుకునే మన పెద్దలకు ఈ కథ కొత్తది కాదు.

పార్కులో బ్రైట్ ఏంజెల్ అనే కాలిబాట పక్కన నీళ్లున్న ఒక చోటు ఉంది. తరతరాలుగా హవాసుపాయ్‌లు అక్కడ సాగు చేసుకునేవారు. పార్కు వచ్చాక వారిని అక్కడి నుంచి పంపేశారు. చివరిగా మిగిలిన కెప్టెన్ బర్రో అనే పెద్దాయనను 1928లో ఖాళీ చేయించారు. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆ చోటును 'ఇండియన్ గార్డెన్' అని పిలిచారు. మనుషుల్ని పంపేసి, పేరు మాత్రం ఉంచుకున్నారు. తెగవారు అడగగా అడగగా 2022లో దానికి 'హవాసుపాయ్ గార్డెన్స్' అని పేరు మార్చారు.

రెండిళ్లు ఎందుకు అవసరమో 1910 జనవరి చూపించింది. ఆ నెల మొదట్లో లోయలోకి పెద్ద వరద వచ్చి ఊరిని ఊడ్చేసింది. చలికాలం కాబట్టి చాలా కుటుంబాలు పైన పీఠభూమి మీద ఉన్నాయి, అందుకే ప్రాణాలు దక్కాయి. పెద్దలు ఏర్పరచిన అలవాటులో ఎంత తెలివి ఉందో చూడండి. అయినా ఆ తరువాత కూడా వారిని లోయకే కట్టేయాలని చూశారు.

భూమి కోసం తెగవారు దశాబ్దాల పాటు అర్జీలు పెట్టారు, అమెరికా రాజధానికి వెళ్లి వాదించారు. 1975 జనవరిలో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో సుమారు 1,85,000 ఎకరాల పీఠభూమి వారికి తిరిగి దక్కింది. 518 ఎకరాల నుంచి లక్షా ఎనభై ఐదు వేలకు రావడానికి 93 ఏళ్లు పట్టింది. మనకు 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం తిరిగేవాళ్లకు ఈ ఓపిక ఏమిటో తెలుసు.

జనం లెక్క

ఇంత చరిత్ర ఉన్నవాళ్లు ఎంతమంది? లెస్లీ స్పియర్ అనే మానవ శాస్త్రవేత్త 1918 నుంచి 1921 మధ్య కొన్నిసార్లు అక్కడికి వెళ్లి, వారి జీవనం మీద 1928లో ఒక గ్రంథం ప్రచురించారు. అప్పటికి తెగ మొత్తం రెండు వందల లోపే. బయటి నుంచి వచ్చిన అంటు జబ్బులు పిల్లల్ని బాగా తినేశాయి. ఆ కాలపు అంకెలు చూసినవాళ్లు ఈ తెగ ఇక మిగలదనుకున్నా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు తెగలో నమోదైనవారు ఆరు వందలకు పైగా ఉన్నారు.

సూపాయ్ ఊరి వరకు చూస్తే 2000 జనగణనలో 423 మంది, 2010 జనగణనలో 208 మంది. ఒక్క అంకె చూసి ఊరు ఖాళీ అయిపోతోందని ఎవరైనా అనవచ్చు. కానీ తెగ లెక్క వేరు, ఊరి లెక్క వేరు. పని కోసం బయట ఉన్నవాళ్లూ ఆ ఊరివాళ్లే. చదువు కోసం వెళ్లిన పిల్లలూ ఆ ఊరివాళ్లే. సూపాయ్‌లో బడి ఎనిమిదో తరగతి దాకానే ఉంది. తరువాత చదవాలంటే లోయ దాటి వెళ్లాలి, చాలామంది దూరాన ఉన్న హాస్టల్ బడుల్లో చేరతారు. ఈ మాట చదివినప్పుడు మేము కాసేపు పుస్తకం మూసేశాం. మా హాస్టల్లో పడుకునే పిల్లల్ని వాళ్ల గూడెం లెక్కలో ఎవరు రాస్తున్నారు?

ఇళ్లు కూడా లెక్కకు సంబంధించినవే. లోయ ఇరుకు. ఒక పక్క నిట్టనిలువు రాతి గోడ, మరో పక్క వరద వచ్చే వాగు. ఇల్లు కట్టడానికి పనికొచ్చే చోటు కొంచెమే. సిమెంటు, కలప, కిటికీ అద్దం, ఏది కావాలన్నా గుర్రం మీదో హెలికాప్టర్ మీదో దిగాలి. అందుకే అక్కడ ఇళ్ల కొరత ఉంది, ఒకే ఇంట్లో రెండు మూడు తరాలు సర్దుకుంటాయి. 2008 ఆగస్టులో పైన ఒక మట్టి కట్ట తెగి వరద వచ్చినప్పుడు ఊరివాళ్లను, యాత్రికులను వందల మందిని హెలికాప్టర్లతో బయటికి తీశారు. 2022 అక్టోబరులోనూ వరద వచ్చింది. ప్రతిసారీ జనం తిరిగి ఊరికే వెళ్లారు. ఊరు ఎక్కడ ఉండాలో ఊరివాళ్లే తేల్చుకున్నారు.

కంచర గాడిదల టపా

ఇక మేము వెతుక్కుంటూ వెళ్లిన సంగతికి వద్దాం. సూపాయ్‌కి 1896లోనే పోస్టాఫీసు వచ్చింది. అమెరికాలో పల్లెలకు ఇంటింటికీ ఉచితంగా టపా అందించే పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. నాటి నుంచి నేటి దాకా ఈ ఊరికి టపా కంచర గాడిదల మీద వస్తోంది.

పద్ధతి ఇలా ఉంటుంది. ఉత్తరాలు, పార్సిళ్లు మొదట పీచ్ స్ప్రింగ్స్ అనే ఊరి పోస్టాఫీసుకు చేరతాయి. అది హవాసుపాయ్‌లకు బంధుతెగ అయిన హువలపాయ్‌ల ముఖ్య గ్రామం. ఆ పోస్టాఫీసులో మనిషి నడిచి లోపలికి వెళ్లేంత పెద్ద శీతల గది ఉంది. ఎందుకంటే సూపాయ్‌కి వెళ్లే టపాలో ఉత్తరాల కంటే తిండి సరుకులే ఎక్కువ. మాంసం, పాలు, కూరగాయలు కూడా బిళ్ల అంటించుకుని టపాగా వెళ్తాయి. అక్కడి నుంచి లారీ 100 కిలోమీటర్లకు పైగా నడిచి లోయ అంచుకు చేరుతుంది. అంచున పెట్టెలను కంచర గాడిదల మీదికి ఎక్కిస్తారు. రెండు పక్కలా బరువు సమంగా కడతారు. గుర్రం మీద ఒక మనిషి ముందు నడిపిస్తుండగా వరస కట్టి దిగుతాయి. వారానికి ఐదు రోజులు ఇదే పని. తిరుగు ప్రయాణంలో ఊరి నుంచి బయటికి వెళ్లే టపా ఎక్కుతుంది. ఆ ఉత్తరాల మీద కంచర గాడిదల టపా అని తెలిపే ప్రత్యేక ముద్ర పడుతుంది.

ఆ ముద్ర కోసం యాత్రికులు సరదాగా కార్డులు పంపుకుంటారు. ఊరివాళ్లకు మాత్రం అది సరదా కాదు. బియ్యం, మందులు, కార్యాలయ కాగితాలు వచ్చే దారి అది. దూరాన హాస్టల్లో ఉన్న పిల్లకు ఇంటి నుంచి పార్సిల్ వెళ్లే దారి కూడా అదే.

అన్నిటికంటే మమ్మల్ని ఆపిన విషయం ఖర్చు. పట్నంలో పక్క వీధికి వెళ్లే ఉత్తరానికి ఎంత బిళ్ల అంటిస్తారో, సూపాయ్‌కి వెళ్లే ఉత్తరానికీ అంతే. లారీ ఖర్చు, గాడిద ఖర్చు ఊరివాళ్ల మీద వేయరు. 1970లో అమెరికా చేసిన టపా చట్టంలో ఒక మాట స్పష్టంగా ఉంది. నష్టంలో నడుస్తోందన్న ఒక్క కారణంతో ఏ చిన్న పోస్టాఫీసునూ మూయకూడదు. మన దేశంలో కూడా దూరంతో పని లేకుండా ఒకే రేటు అనే పద్ధతి 1854లోనే వచ్చింది. రేటు ఒకటే అయింది. అయితే మా అమ్మాయి ఉత్తరం విషయంలో చివరి తొమ్మిది కిలోమీటర్లు ఎవరి బాధ్యతో తేలలేదు. సూపాయ్‌లో ఆ చివరి 8 మైళ్లు కూడా టపా బాధ్యతే. ఉన్న తేడా అంతా అక్కడే.

అదే ప్రభుత్వం భూమి విషయంలో ఆ జనానికి 93 ఏళ్లు అన్యాయం చేసింది. కాబట్టి అక్కడ అంతా బాగుందని మేము చెప్పడం లేదు. బడి కోసం వాళ్లు కోర్టుకు కూడా వెళ్లవలసి వచ్చింది. కానీ ఒక్క విషయంలో ఆ దేశం ఊరిని కిందికి రమ్మనలేదు, పైకి రమ్మనలేదు. టపానే ఊరి దగ్గరకు పంపింది.

మనం చేయగలిగింది

మన గూడేల విషయంలో తరచూ వినే మాట ఒకటుంది: "అంత పైన ఎందుకు ఉంటారు, కిందికి దిగితే అన్నీ ఇస్తాం కదా." సూపాయ్ వాళ్లకూ పెద్దలు ఇచ్చిన చోటు ఉంది. ఊరి మీద నిలిచి ఉన్న రెండు రాతి స్తంభాలు తమను కాపాడుతున్నాయని, అవి పడితే ఊరు పోతుందని వాళ్లు చెప్పుకుంటారు. మన కొండదేవత లాంటి మాటే. అలాంటి చోటును వదలమనే హక్కు ఎవరికీ లేదు. జనం లెక్క, ఇల్లు, ఉత్తరం ఈ మూడూ ఊరు ఉన్న చోటికే రావాలి.

ఈ ఏడాది నుంచి మా హాస్టల్లో ఒక చిన్న పని మొదలుపెట్టాం. పిల్లలు సెలవులకు వెళ్లినప్పుడు తమ గూడెం పేరు, అందులో ఇళ్లు ఎన్ని, మనుషులు ఎంతమంది, బయట చదివేవాళ్లు ఎంతమంది, ఉత్తరం ఎక్కడ ఆగుతుంది అన్నవి పెద్దల్ని అడిగి రాసుకొస్తున్నారు. "మా గూడెం పేరు ఏ కాగితంలోనూ లేదు మేడమ్, పక్క ఊరి పేరే ఉంది" అని ఒక పిల్ల చెప్పింది. ఆ నోటుపుస్తకంలో మొదటి పేజీ ఆమె గూడేనికే ఇచ్చాం.

ఈ సంచిక చదివే ప్రతి కుటుంబం తమ గూడెం విషయంలో ఇదే పని చేయాలని మా మనవి. గ్రామసభలో ఆ కాగితం పెట్టండి. చివరి మైలు ఉత్తరం ఎవరు తేవాలో అడగండి. వానొచ్చినా మా పిల్లల ఉత్తరం సంత రోజు దాకా ఆగకూడదు.