మర్కజ్ ఎక్కడ, కొస ఎక్కడ?

వెలుగోడు వాళ్లకు నెట్‌వర్క్ సంగతి కంప్యూటర్ రాకముందే తెలుసు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువెక్కి బనకచర్లకొస్తాయి. అక్కడ దారులు చీలతాయి: తెలుగుగంగకొకటి, కుడి కాలువకొకటి, కేసీ కాలువకొకటి. మన రిజర్వాయరులోకి వచ్చేది తెలుగుగంగ నీరు. బనకచర్లలో గేట్లు దించితే కింద ఎన్ని ఎకరాలుంటే ఏం ఫాయిదా?

కంప్యూటర్లను కలిపే తరీఖాల్లోనూ అసలు సవాల్ ఇదే. గేటు ఎవరి చేతిలో ఉంది?

1964లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పాల్ బారన్ మూడు నక్షాలు అచ్చువేశాడు. మొదటిదాంట్లో తీగలన్నీ ఒక్క మర్కజ్‌కే. రెండోదాంట్లో చిన్నచిన్న మర్కజ్‌లు. మూడోది చేపల వల, ప్రతి ముడికీ పక్క ముళ్లతో రాబితా. అణుబాంబు పడినా కబురు ఆగకూడదన్నది ఆయన ఫికర్. వల అన్నిటికంటే మజ్బూత్. కానీ తీగ ఖర్చు ఎక్కువ.

ఆఫీసు గదుల్లో కథ వేరు. 1973లో మెట్‌కాఫ్ ఆలోచించిన ఈథర్నెట్‌లో ఒకే లావు కేబులు, దాన్ని పట్టుకుని అన్ని మిషన్లూ. దీన్నే బస్ అన్నారు. చౌకే. కానీ కేబులు ఎక్కడ తెగినా గదంతా ఖామోష్. ఐబీఎం వాళ్ల టోకెన్ రింగ్‌లో మాట్లాడే బారీ చేతులు మారుతూ తిరుగుతుంది. మన పెళ్లి దావత్‌లలో కూడా అంత క్రమం చూడం. 1990లో స్టార్ పద్ధతికి ప్రమాణం వచ్చింది. ఒక తీగ తెగితే ఒక్క మిషనే ఆగుతుంది. మధ్యలో హబ్ పోతే మాత్రం అందరూ పోయినట్టే.

మన హుకూమత్‌లకు మొదటినుంచీ స్టారే ఇష్టం. 1980లలో నిక్‌నెట్ జిల్లా కేంద్రాలను ఉపగ్రహంతో కలిపింది. హబ్ ఢిల్లీలో. అప్పుడు నంద్యాల కర్నూలు జిల్లాలోది. కర్నూలు పక్కనున్న కడపకు కబురు పంపినా అది ఢిల్లీ దర్బార్ చూసి రావాల్సిందే! రైల్వే కాస్త నయం. ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రాలను 1999లో ఒకదానితో ఒకటి కలిపింది. బారన్ రెండో నక్షా అది.

పల్లెల వంతు చివర్లో వచ్చింది. 2011లో మొదలైన పథకం, తర్వాత భారత్‌నెట్ అయింది, మండలం నుంచి పంచాయతీలకు చాలాచోట్ల చెట్టుకొమ్మల్లా తీగ లాగింది. మన రాష్ట్రంలో 2017లో ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలెక్కింది. ఒక జేసీబీ పంజా చాలు, ఒక గాలివాన చాలు, ఆ కొమ్మ మీదున్న వాళ్లందరికీ కబురు బంద్. పట్నంలో అది సినిమా ఆగడం. పల్లెలో రేషన్ మిషన్ మీద అంగూఠా పడకపోవడం, ఒక గరీబు అవ్వ ఆరోజు కూలి మానుకుని ఖాళీ సంచితో వెనక్కి పోవడం.

2023 ఆగస్టులో కేంద్రం కొత్త ఇంతెజాం మంజూరు చేసింది. మండలం నుంచి పంచాయతీలకు ఇకమీదట రింగ్. ఒకవైపు తెగితే రెండోవైపునుంచి చుట్టు తిరిగి కబురు చేరుతుంది. పన్నెండేళ్లు పట్టింది ఈ ఇలాజ్‌కు, బారన్ లెక్కన చూస్తే అరవై ఏళ్లు. అదీ పంచాయతీ ఆఫీసు దాకానే. అక్కణ్నుంచి గడపకు మళ్లీ ఒక్క తీగే.