ఎవరి తట్టు సచ్చినావురా?
(పల్లె వైపు నుంచి చరిత్ర – 9)



పోయిన వారం మా డిగ్రీ పిల్లలు నలుగురు ఒక యుద్ధం సినిమా చూసొచ్చారు. రాజు, కోట, పైకి దండెత్తి వచ్చిన పరాయి సేన, చివర్లో రాజు ఒంటరిగా వెయ్యి మందిని నరకడం. మీరంతా చూసే ఉంటారు, ఈ సినిమా కాకపోతే ఇలాంటిదే ఇంకొకటి. క్లాసు అయిపోయాక అందులో ఒక పిల్లోడు ఆగి అడిగాడు: "సార్, ఆ సైన్యంలో మనోళ్ళు ఉండుంటారా?"

వాడిది మా పక్క పల్లే. 'మనోళ్ళు' అంటే ఎవరో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ భాగం వాడి కోసం రాస్తున్నాను.

ముందు నా కథ ఒకటి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి ఒక రాజు నాటకం వేశారు. డైలాగులు నాకు అందరికంటే బాగా వచ్చు. రాజు వేషానికి పేరిచ్చాను. "నీకు నప్పదులేరా" అన్నారు. ఎందుకు నప్పదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వాళ్ళకూ లేదు, అడగాల్సిన అవసరం నాకూ లేదు. సైనికుడి వేషం ఇచ్చారు. తెర లేచిన రెండో నిమిషంలో పడిపోయి, చివరిదాకా కదలకుండా ఉండాలి. అట్ట కత్తి పక్కన అరగంట పడుకున్నాను.

చూడడానికి మా అవ్వ వచ్చింది. ఇంటికి నడిచిపోతూ అడిగింది: "రే అబ్బోడా, ఇంతకీ నువ్వు ఎవరి తట్టు సచ్చినావురా?"

నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. తర్వాత డాక్టరేట్ చేసినా, చరిత్ర గురించి అంతకంటే మంచి ప్రశ్న నాకు ఎవరూ వేయలేదు.

*

తెలుగులో యుద్ధ నాటకం అంటే మొదట చెప్పే పేరు వేదం వేంకటరాయశాస్త్రి గారి 'ప్రతాపరుద్రీయం'. 1897లో వచ్చింది. ఢిల్లీ సుల్తాను సేన కాకతీయ రాజును పట్టుకుపోతుంది. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరి సుల్తానునే పట్టి తెస్తాడు. చరిత్రలో జరిగింది వేరు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఓటమిని నాటకం గెలుపు చేసింది. తెల్లవాడి పాలనలో బతుకుతున్న చదువుకున్నవాళ్ళకు ఆ రోజున అలాంటి గెలుపు ఒకటి కావలసి వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను.

ఆ నాటకంలో పేరిగాడని ఒక చాకలి ఉన్నాడు. శాస్త్రిగారు అతని నోట అతని మాటే పలికించారు. దాన్ని పాత్రోచిత భాష అన్నారు. గ్రామ్యం రాస్తారా అని పండితులు మండిపడ్డారు. పరిశోధన రోజుల్లో ఆ తగువంతా నేను శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను. పేరిగాడు ఎలా మాట్లాడాలన్నదే తగువు. ఓరుగల్లు పడిపోతే పేరిగాడికి ఏం పోతుంది, నిలబడితే ఏం మిగులుతుంది అని అందులో ఎవరైనా అడిగినట్టు నాకు కనబడలేదు. నాకూ అప్పుడు తట్టలేదు. అవ్వ ప్రశ్న మరిచిపోయి ఉన్నాను.

ఓరుగల్లు మనకు దూరం. దండయాత్ర మన ఊరి మీదకే వచ్చింది. దాని మీద ఎవరూ నాటకం రాయలేదు. అది చెబుతాను.

*

కార్వేటినగరం అనగానే బయటివాళ్ళకు వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి, సారంగపాణి పదాలు గుర్తొస్తాయి. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళకు డైట్ కాలేజీ గుర్తొస్తుంది. 18వ శతాబ్దంలో ఇది ఒక పాలెం. ఇక్కడి పాలెగాళ్ళను బొమ్మరాజులు అనేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ రాతల్లో మన సీమ పేరే బొమ్‌రాజ్ పాలెం. వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం – ఆర్కాటు నవాబుకు ఉత్తరాన ఉన్న పెద్ద పాలేలు ఇవి. నవాబుకు పేష్కష్ కట్టాలి, పిలిచినప్పుడు మందిని పంపాలి.

1780 జూలైలో మైసూరు నుంచి హైదర్ అలీ కనుమలు దిగాడు. ఎనభై తొంభై వేల సేన అంటారు. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పుల్లలూరులో కర్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాడు. ఆ యుద్ధం బొమ్మ శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఇప్పటికీ ఉంది. పల్లకీలో బెయిలీ కనిపిస్తాడు. కొన్ని వారాలకే ఆర్కాటు హైదర్ చేతికొచ్చింది. నవాబు మద్రాసులో ఇంగ్లీషువాళ్ళ చాటున ఉన్నాడు. మన పాలెగాళ్ళు హైదర్‌కు లొంగారు. ఇంకేం చేస్తారు?

ఏడాది తిరిగేసరికి గాలి మారింది. జనరల్ ఐర్ కూట్ 1781 సెప్టెంబర్ 27న షోళింగర్ దగ్గర హైదర్‌ను ఓడించాడు. నరసింహస్వామి కొండకని మనం పోయే షోళింగరే. ఇక్కడి నుంచి ఒక పూట ప్రయాణం కూడా లేదు. యుద్ధం గెలిచాడు గానీ కూట్ దగ్గర తిండి లేదు. బియ్యం లేదు, ఎద్దులు లేవు అన్నదే ఆయన రోజూ ఏడ్చిన ఏడుపు. పాలెగాళ్ళు హైదర్‌ను వదిలి ఇటు తిరిగారు. ఆ మాట మీద కూట్ సేన ధాన్యం కోసం పాలేల్లోకి నడిచింది.

హైదర్ ఊరుకోలేదు. పక్షం మార్చిన పాలెగాళ్ళ సీమను తగలబెట్టమని ఒక దళాన్ని పంపాడు. కూట్ తన గుర్రపు దళంతో పరుగున వెళ్ళి దాన్ని తరిమాడు. అక్టోబర్ 23న, ధాన్యం పోగుచెయ్యడానికి పంపిన కర్నల్ ఓవెన్ దళం మీద హైదర్ స్వయంగా వచ్చి పడ్డాడు. నవంబర్‌లో కూట్ చిత్తూరు పట్టుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబర్ 7న అదే చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదర్ చనిపోయాడు.

యుద్ధ చరిత్ర పుస్తకాల్లో ఇదంతా రెండు మూడు పేజీలు. ఓవెన్ దళంలో ఎన్ని ఫిరంగులున్నాయో తెలుస్తుంది. కూట్ గుర్రం మీద ఎన్ని గంటలున్నాడో తెలుస్తుంది. పాలేల్లో ధాన్యం దొరికిందని తెలుస్తుంది. ఆ ధాన్యం ఎవరు పండించింది, అది పోయాక వాళ్ళు ఏం తిన్నది ఉండదు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కుశస్థలి ఒడ్డున కొన్ని గుడిసెలు. ఆశ్వయుజం, కార్తీకం రోజులు. ఒక సేన వచ్చి గాదెల్లో ఉన్నది తీసుకుపోతుంది. ఇంకో సేన వచ్చి, వాళ్ళకెందుకు ఇచ్చారని నిప్పు పెడుతుంది. ఊరికి కాస్త మట్టి మిద్దెలైనా ఉంటాయి. పల్లెలో ఉండేది బోద కప్పు. నిప్పుకు అది ఎంతసేపు?

*

సినిమాలో 'పరాయివాడు' ఎవరో మొదటి సీనులోనే తెలిసిపోతుంది, బట్టలు చూసి, గడ్డం చూసి. మన 1781లో పరాయివాడు ఎవరు?

హైదర్ పుట్టింది కోలారు సీమ బూదికోటలో. మన చిత్తూరు జిల్లాను ఆనుకునే ఉంది. 'మన నవాబు' మహమ్మదలీ పూర్వీకులది ఎక్కడో ఉత్తరాది గోపామవు. రక్షకుడిగా వచ్చిన కూట్‌ది ఐర్లండ్. మతం చూసి లెక్క కడదామన్నా కుదరదు. ఒక ముస్లిం నవాబు తరఫున క్రైస్తవ సేనాని ఇంకో ముస్లిం పాలకుడితో కొట్లాడుతుంటే, మధ్యలో వేణుగోపాలుడి భక్తుడైన హిందూ పాలెగాడు ముందు ఒకరికీ తర్వాత మరొకరికీ తల వంచాడు. దీన్ని ఏ మతం యుద్ధమని రాస్తారు?

బొమ్మరాజును ద్రోహి అని నేను అనను. పాలెం నిలబడాలి, తను నిలబడాలి. ఆయన లెక్క ఆయనది. కానీ ఆ లెక్కకు మూల్యం కట్టింది ఆయన కాదు. మబ్బు పట్టింది కోట మీద, పిడుగు పడింది పల్లె మీద.

మరి మనోళ్ళు ఎక్కడున్నారు? నా విద్యార్థి అడిగింది అదే కదా.

ఉన్నారు. ఆ కాలపు కంపెనీ సేనల్లో పోరాడేవాళ్ళ కంటే వెంట నడిచేవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. మూటలు మోసేవాళ్ళు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్ళు, దొరలకు వంట చేసేవాళ్ళు, దారి చూపేవాళ్ళు. సేన ఊళ్ళోకి వస్తే మొదట పిలుపు వచ్చేది వెట్టివాడికే. తోలు లేకుండా జీను లేదు, చెప్పు లేదు, యుద్ధ భేరి లేదు. ఆ తోలు ఊనింది మాదిగ చేతులు. పుల్లలూరు ఓటమి జరిగిన ఇరవై రోజులకు, 1780 సెప్టెంబర్ 30న, మద్రాసులో రెండు పయనీర్ కంపెనీలు పెట్టారు. దారి చెయ్యడం, కందకం తవ్వడం, ముళ్ళకంచె కొట్టడం వాళ్ళ పని. ఈనాటి మద్రాస్ సాపర్స్ పుట్టుక అదే. తర్వాతి తరాల్లో ఆ దళం నిండా అస్పృశ్య కులాలవాళ్ళే పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. పారా, గునపం మన చేతికి కొత్తవి కావు. కొత్తది జీతం. ఊళ్ళో అదే మట్టి పని వెట్టి, అక్కడ నెలకింత అని నాణెం.

ఈ చోటే మనలో చాలామంది తడబడతారు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పీష్వా సేన మీద కంపెనీ తరఫున నిలబడ్డ మహర్ సిపాయిలను తలుచుకోవడానికి 1927లో బాబాసాహెబ్ స్వయంగా వెళ్ళారు. ఇంగ్లీషువాళ్ళు దేశాన్ని గెలవడానికి అంటరాని సిపాయిలు తోడ్పడ్డారని ఆయన దాచకుండా రాశారు. "పరాయివాడికి పనిచేశారా" అని మనల్ని అడిగేవాళ్ళకు అందులో జవాబు ఉంది: ఏ రాజ్యం మమ్మల్ని తనవాళ్ళుగా చూసింది గనక మేం దానికి ద్రోహం చేశామంటారు? అదే బాబాసాహెబ్, పని తీరాక ఇంగ్లీషువాళ్ళు ఏం చేశారో కూడా రాశారు. 1892లో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. 'యుద్ధ జాతుల' జాబితా ఒకటి తయారుచేసి, కోటలు పట్టడానికి పనికొచ్చినవాళ్ళను పిరికివాళ్ళ లెక్కలో వేశారు. కంపెనీ మనకు విముక్తి తెచ్చిందని పాట పాడుకునేవాళ్ళు ఈ రెండో సగం కూడా చదవాలి.

*

యుద్ధం తర్వాత ఏమైంది? సినిమా అక్కడ ఆగిపోతుంది. పల్లె కథ అక్కడే మొదలవుతుంది.

కర్ణాటకమంతా కరువు. 1782లో తిండి లేక మద్రాసు చేరినవాళ్ళకు గంజి పోయడానికి మణియగార్ సత్రం పెట్టారు. దాని ఆసుపత్రికి జనం పెట్టిన పేరు గంజి తొట్టి. మన వైపు వాళ్ళు వైద్యానికి పోయే స్టాన్లీ ఆసుపత్రి దాని నుంచి పెరిగిందే. 1785 ఫిబ్రవరి 28న లండన్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ నవాబు అప్పుల మీద మాట్లాడుతూ, ఆ యుద్ధంలో వందల మైళ్ళు నడిచినా మనిషి గానీ పశువు గానీ కనబడని కర్ణాటకాన్ని వర్ణించాడు. నవాబు దగ్గర వడ్డీ గుంజిన ఇంగ్లీషు అప్పులవాళ్ళను ఎండగట్టాడు. పాలెగాడి పేష్కష్ నవాబుకు, నవాబు సొమ్ము అప్పులవాడికి. ఆ గొలుసు కింది చివర ఎవరుంటారో వేరే చెప్పాలా?

1801లో నవాబు రాజ్యం కంపెనీది అయింది. 1802లో మన పాలెగాళ్ళకు శాశ్వత సన్నదులు ఇచ్చారు. యుద్ధానికి మందిని పంపే బాధ్యత తీసేసి, దాని విలువను పేష్కష్‌లో కలిపారు. పాలెగాడు జమీందారు అయ్యాడు. కత్తికి బదులు కవిలె కట్ట వచ్చింది. 1948లో జమీందారీలు రద్దయ్యేదాకా అదే నడిచింది. ఇన్ని జెండాలు మారాయి. ఊరి బావికీ పల్లెకూ మధ్య దూరాన్ని ఏ సేనా ఒక్క అడుగు తగ్గించలేదు.

సారంగపాణి పదాల్లో మన సీమ మాట ఎంత సొగసుగా ఉంటుందో నేను క్లాసులో చెబుతాను, ఇక ముందూ చెబుతాను. ఆ పదాలను పెంచిన ఆస్థానానికి తిండి పెట్టింది ఏ మళ్ళు, ఆ మళ్ళలో దిగింది ఎవరు అన్నది కూడా అదే క్లాసులో చెప్పాలని ఇప్పుడు అనుకుంటున్నాను.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ సైన్యాల్లో మనోళ్ళు ఉన్నారు, అన్ని వైపులా ఉన్నారు. రాజు పక్కన మనకూ ఒక కత్తి ఇప్పించమని సినిమావాళ్ళను అడుక్కోవడంతో మన పని అయిపోదు. ఏ యుద్ధ కథ విన్నా మూడు అడుగు: ఎవరి వడ్లు పోయాయి? ఎవరి కొంప కాలింది? మూట ఎవరు మోశారు? ఆ మూడింటికీ ఒకే పేరు వస్తే, ఆ కథ ఇంకా రాయలేదని అర్థం. నీకు రాయడం వచ్చు. రాయి.

మా అవ్వ పోయి పదకొండేళ్ళయింది. ఆ రాత్రి నేను "తెలీదవ్వా" అంటే ఆమె నవ్వలేదు. "తెలుసుకోని సావల్ల గదరా" అంది. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోకుండా ఇంటికి నడిచాం.

వచ్చే భాగంలో: వెట్టివాడి ఇనాం భూములు ఎవరి చేతుల్లోకి పోయాయి?

జై భీమ్.